ఇంటి కుందేలు అడవి జంతువు కాదు

సంక్రాంతి పండుగకు పట్టణము నుండి వచ్చిన ఒక కుటుంబమువారు పిల్లల ముచ్చట తీర్చుటకై సంతలో కొన్న తెల్లని కుందేలు పిల్లను మా గ్రామమునకు తెచ్చిరి. సెలవులు ముగిసినవి, బడులు తెరచిరి, పిల్లలు వెడలిపోయిరి. కుందేలు పిల్ల మాత్రము అవ్వతాతల యింట మిగిలిపోయినది. కొన్నాళ్లు దానిని కోళ్ల గంప క్రింద నుంచిరి. అది పెరిగినది, పెరటిలోని మల్లెతీగను మొదలంట కొరికినది, అవ్వగారి చీర చెంగునకు చిల్లులు పెట్టినది. శివరాత్రి దాటిన తరువాత ఒకనాడు తాతగారు దానిని సంచిలో వేసికొనిపోయి ఊరి వెలుపలి మామిడితోపులో విడిచి వచ్చిరి. ఆయన కఠినాత్ములు కారు. కుందేలు అడవిలో పుట్టిన జీవము గదా, అడవిలోనే హాయిగా బ్రతుకునని నిండు మనస్సుతో నమ్మిరి.

మూడవనాడు గొఱ్ఱెల కాపరి బాలుడొకడు దానిని చూచెను. ఒక చెట్టు మొదట, తెల్లగా, ఎంత దూరమునకైనను కానవచ్చునట్లు, కదలక మెదలక కూర్చుండి యున్నదట. ప్రక్కనే మోకాలెత్తు గడ్డి యున్నను అందు దాగికొనవలెనని దానికి తోచలేదు. కుక్క కరవగా ఒక చెవి చీలియున్నది. బాలుడు దానిని మా యింటికి తెచ్చెను. మేము జాలిపడి పాలలో రొట్టె నానబెట్టి దాని ముందుంచితిమి. అది ముట్టలేదు. అలసి నిద్రించుచున్నదని తలచి ఆ రాత్రి దానిని కదపక విడిచితిమి. తెల్లవారునప్పటికి చనిపోయియున్నది.

తరువాత పశువైద్యులను అడుగగా, అది నిద్ర కాదనియు, మేతమాని ముడుచుకొని కూర్చున్న కుందేలు ప్రాణాపాయములో నున్నట్లేయనియు, పండ్రెండు గంటలు ఏమియు తినకున్న యెడల వెంటనే వైద్యము చేయింపవలెననియు చెప్పిరి. మేము పెట్టిన పాలరొట్టెను అది తినియుండినచో మేలు కలుగుటకు మారు కీడే కలిగియుండెడిది. తాతగారి పొరపాటు ఒకటి, మా పొరపాటు మరియొకటి. ఈ రెండును మన యిండ్లలో తరచుగా జరుగునవే గనుక, ఆ సంగతి కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఒక పేరు, రెండు జీవములు

తాతగారి పొరపాటునకు మన భాషయే కొంత కారణమని మాకు తోచుచున్నది. చేలలో తిరుగు గోధుమవన్నె జంతువును కుందేలనియే అందుము. సంతలో బుట్టలో పెట్టి అమ్ము తెల్లని జంతువును కుందేలనియే అందుము. కొన్ని ప్రాంతములలో చెవులపిల్లి యందురు. ఆ పేరును రెంటికిని చెల్లుచున్నది. చంద్రునిలో మన పెద్దలు చూచిన కుందేలు, పంచతంత్ర కథలో సింహమునకు నూతిలో దాని నీడనే చూపించిన కుందేలు, ఇవి మన చేలలోని కుందేళ్లే. సంతలోని తెల్ల కుందేలు వానికి చుట్టమే గాని, చాల దూరపు చుట్టము. ఈ రెంటిని కలిపినను సంతానము కలుగదు.

మన చేల కుందేలునకు మెడ వెనుక నల్లని మచ్చ యుండును. కాళ్లు పొడవు. అది బొరియ త్రవ్వుకొనదు. గడ్డిదుబ్బుల నడుమ చిన్న పల్లము చేసికొని అందు పండుకొనును. దాని పిల్లలు పుట్టునప్పుడే ఒంటినిండ రోమములతోను, తెరచిన కన్నులతోను పుట్టును. ఎండిన గడ్డి రంగే దానికి ముసుగు, పరుగే దానికి ఆయుధము.

సంతలోని కుందేలు పూర్వులది ఐరోపా ఖండపు నైరుతి మూలనున్న స్పెయిను, పోర్చుగలు దేశముల ప్రాంతము. అవి నేలలో బొరియలు త్రవ్వి గుంపులుగా నివసించు జాతి. పిల్లలు రోమములు లేక గ్రుడ్డివిగా పుట్టి, సుమారు 10 దినములకు గాని కన్నులు తెరవవు. మనుష్యుడు ఈ జాతిని వందల యేండ్లు పెంచి, తన యిష్టము వచ్చిన రంగులును, పరిమాణములును తెప్పించుకొన్నాడు. మన సంతలలో కనబడు తెల్లనివానిలో పెక్కు న్యూజిలాండు వైట్ అను జాతికి గాని, దాని కలగలుపునకు గాని చెందినవి. పేరు న్యూజిలాండుదైనను ఆ జాతిని తీర్చినది అమెరికాలో. మాంసమునకై పెంచు జాతి యది. పెద్దదైనప్పుడు 4, 5 కిలోల బరువు తూగును. రాజస్థానములోని అవికానగరులో నున్న కేంద్ర గొఱ్ఱెలు, ఉన్ని పరిశోధనా సంస్థయు, కొడైకెనాలు కొండలలోని మన్నవనూరులో గల దాని శాఖయు ఇట్టి జాతులపై పరిశోధనలు చేసియున్నవి. "ఇది చిన్న జాతి, ఇంతకంటె పెరగదు" అని సంతలో అరచేతిలో నుంచి చూపునది తరచుగా తల్లిపాలు మానని నాలుగు వారముల పసికూనయే.

అట్టి జీవమును తోపులో విడిచినచో ఏమగును? దాని తెలుపే దానికి శత్రువు. ఎఱ్ఱని కన్నులు గల తెల్ల కుందేలునకు చూపు కూడ అంతంత మాత్రమే. కుక్కలు, నక్కలు, ముంగిసలు, పగలు గ్రద్దలు, రాత్రి గుడ్లగూబలు దానికై కాచుకొనియుండును. రోహిణి కార్తెలో మన తావుల ఎండ 40 డిగ్రీలు దాటుచుండగా, 25 డిగ్రీలు దాటిన వేడియే దానికి కష్టము. విడిచినవారు తిరిగి వెళ్లి చూడరు గనుక అది సుఖముగా నున్నదను నమ్మకము వారికి చెడకుండ నిలుచును.

విడిచిన కుందేళ్లు బ్రతికి వృద్ధి పొందిన దేశము లేకపోలేదు. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతమున థామస్ ఆస్టిన్ అను భూస్వామి ఇంగ్లండు నుండి తెప్పించిన 24 కుందేళ్లను వేట సరదాకై విడిచెను. చల్లని శీతకాలము, మెత్తని నేల, తగినంత శత్రువులు లేకుండుట వానికి కలిసివచ్చినవి. ఏబదియేండ్లలో అవి ఖండమంత వ్యాపించి పైరులను, పచ్చికను నాశనము చేసినవి. 1901 మొదలు 1907 వరకు పశ్చిమ ఆస్ట్రేలియాలో వందల మైళ్ల కంచె కట్టినను ఆగలేదు. 1950లో ఒక రోగమును వదలి వానిని చంపవలసి వచ్చినది. విడిచిన జంతువు చచ్చుట ఒక కీడు. చావకుండుట మరియొక కీడు.

దీనికి ఎదురుగా ఇంకొక పొరపాటు కలదు. కోతల కాలమున చేలలో చేల కుందేలు పిల్లలు దొరకును. తల్లి దగ్గర లేదని మన పిల్లలు జాలితో ఇంటికి తెత్తురు. ఆ తల్లి కావలెననియే దూరముగా నుండును; పిల్లలున్న తావు శత్రువునకు తెలియకుండుటకై చీకటి వేళ వచ్చి పాలిచ్చి పోవును. ఆ పిల్ల అనాథ కాదు. కోతకు అడ్డమైనచో మెల్లగా ఎత్తి, అదే గట్టు ప్రక్క గడ్డిలో నుంచి, దూరముగా తొలగిపోవలెను. చేల కుందేలు వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ నిచ్చుచున్నది. దానిని పట్టుట గాని, పెంచుట గాని నేరము. గాయపడినది దొరకినచో అటవీశాఖవారికి తెలుపవలెను.

ఇంటి కుందేలును విడిచిపెట్టుటయు చట్టమునకు విరుద్ధమే. ఆకలి దప్పులతో బాధపడు స్థితిలో జంతువును వదలివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, 11వ విభాగము ప్రకారము తప్పు. ఆ చట్టములో మొదటి తప్పునకు నిర్ణయించిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయలు మాత్రమే. కుందేలును కొన్నవాని యింట ఒకపూట కాఫీ ఖర్చు అంతకంటె నెక్కువ యుండును. కావున చట్టమును చూపి భయపెట్టుటకంటె తెలియజెప్పుటయే మనకు మిగిలిన మార్గము.

చిక్కినదానిని చేరదీయుట

తోటలోనో, బడి ఆవరణలోనో, బస్సు నిలయమునొద్దనో తెల్లనిది గాని, నల్ల తెలుపు మచ్చలది గాని కుందేలు కనబడినచో అది ఎవరో విడిచినదని గ్రహింపవలెను. దానిని తరుమరాదు. పదిమంది పిల్లలు కేకలు వేయుచు వెంటబడినచో భయముచేతనే దాని గుండె ఆగవచ్చును. ముందుగా కుక్కలను దూరము తోలవలెను. ఇద్దరు ముగ్గురు పెద్దలు తడికెలు గాని, దుప్పట్లు గాని అడ్డుగా పట్టుకొని మెల్లమెల్లగా చుట్టు తగ్గించుచు గోడమూలకు చేర్చవలెను. తరువాత దానిపై పలుచని తువాలు కప్పి, ఒక చేయి రొమ్ము క్రిందను, రెండవ చేయి వెనుక కాళ్ల క్రిందను పెట్టి, ఒంటికి ఆనించుకొని ఎత్తవలెను.

చెవులు పట్టి ఎత్తుట మన సంతలలో వాడుక. అది బహు బాధాకరము. అంతేగాక కుందేలు ఎముకలు తేలిక, వెనుక కాళ్ల బలము ఎక్కువ. గాలిలో వ్రేలాడుచు ఒక్క తాపు తన్నినచో దాని నడుము ఎముక దానంతట అదే విరుగును. అటుపిమ్మట వెనుక కాళ్లు పనిచేయవు. పిల్లల చేతిలోనుండి జారిపడుటవలనను ఇట్లే జరుగును. కావున చిన్న పిల్లలు కుందేలును ఎత్తుకొనరాదు. నేలపై కూర్చుండి, అది తమ దగ్గరకు వచ్చినప్పుడు నిమురవచ్చును.

తెచ్చినదానిని గాలి రంధ్రములు గల అట్టపెట్టెలోనో, మూతగల బుట్టలోనో ఉంచి, చప్పుడు లేని నీడపట్టున పెట్టవలెను. పచ్చని గరిక గుప్పెడు, మట్టి ముంతలో నీరు చాలును. పాలు, రొట్టె, అన్నము, బిస్కత్తులు పెట్టరాదు. ఇది మేము ఒక ప్రాణము పోగొట్టి నేర్చిన పాఠము. కుక్క కరచినదైనచో పైకి చిన్న గాటు కనబడినను లోపల చీము పట్టును. ఆనాడే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. సంచార పశువైద్య వాహనములకు ఏర్పరచిన 1962 సంఖ్యకు ఫోను చేసి సలహా అడుగవచ్చును.

ఇంట వేరొక కుందేలు ఉన్నచో క్రొత్తదానిని కనీసము రెండు వారములు వేరుగా నుంచవలెను. గజ్జి ఒకదాని నుండి మరియొకదానికి అంటును. ముక్కు, చెవుల అంచులు, గోళ్ల మొదళ్లు తెల్లని పొక్కులు కట్టుట దాని గుర్తు. వైద్యుడు మందు ఇచ్చినచో గజ్జి కుదురును. కాని సొంత వైద్యము తగదు. కుక్కల గోమారులకు వాడు ఫిప్రోనిల్ మందు కుందేలును చంపును. ఇంట మిగిలియున్న అమాక్సిసిలిన్ మాత్రను గాని, పెన్సిలిన్ జాతికి చెందిన మరియే మాత్రను గాని నోట వేసినను చంపును. మనుష్యులకు మేలు చేయు ఆ మందు దాని ప్రేగులలోని మంచి సూక్ష్మజీవులను నశింపజేయుటయే కారణము.

గడ్డియే భోజనము

కుందేలు పెంపకమున తెలియవలసినదంతయు దాని నోటిలోను, ప్రేగులోను ఉన్నది. దానికి 28 పండ్లు. అవి ప్రాణమున్నంతకాలము పెరుగుచునేయుండును. ముందరి పండ్లు వారమునకు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. గట్టి పీచుగల గడ్డిని గంటల తరబడి నమలుటవలన మాత్రమే అవి అరుగుచుండును. గడ్డి లేనినాడు వెనుక పండ్ల అంచులు మొనదేరి నాలుకను, బుగ్గలను కోయును. అప్పుడది ఆకలితో మేతయొద్దకు వచ్చియు, తినలేక వెనుదిరుగును. యజమాని "దీనికి ఈ మేత ఇష్టము లేదు" అని మరింత మెత్తని పదార్థము పెట్టును. వ్యాధి ముదురును.

ప్రేగు సంగతి ఇంకను విచిత్రము. ఆవు గడ్డిని నెమరువేయును. కుందేలు నెమరువేయదు, దానికి బదులు తాను తిన్నదానిలో కొంత భాగమును పెద్దప్రేగు మొదటనున్న సంచిలో పులియబెట్టి, మెత్తని చిన్న గుత్తులుగా విసర్జించి, వెంటనే నోటితో అందుకొని మ్రింగును. ఎక్కువగా రాత్రివేళ ఇట్లు చేయుట చూచి అది రోగమనియో, రోతయనియో తలచి కొట్టువారు కలరు. అది రోగము కాదు. అదియే దాని నెమరు. మనము నేలపై చూచు గట్టి గుండ్రని పెంటికలు వేరు. ఆరోగ్యము గల కుందేలు దినమునకు రెండు మూడు వందల పెంటికలు వేయును. అవి చిన్నవగుట, తగ్గుట, దారమునకు గ్రుచ్చినట్లు రోమములతో అతుకుకొని వచ్చుట, ఇవి రాబోవు కీడునకు గుర్తులు. కుందేలు అరవదు, మూలుగదు. శత్రువునకు తన బలహీనత తెలియకుండ దాచుకొనుట దాని పుట్టుక గుణము. ప్రతి ఉదయము పెంటికలను చూచువాడే దాని మాట వినగలవాడు.

అది వాంతి చేసికొనలేదు. కావున లోపలికి పోయిన తప్పుడు మేత ప్రేగు దాటియే పోవలెను. ప్రేగు కదలిక నిలిచినచో వాయువు చేరి పొట్ట ఉబ్బును, పండ్లు పటపట కొరుకును. అటువంటప్పుడు నూనె త్రాగించుట, వాము నీరు పోయుట వంటివి చేయక, వెచ్చగా నుంచి వైద్యునికడకు చేర్చవలెను.

మన పల్లెలలో కుందేలు మేతకు కరువు లేదు. గరిక, చేను గట్ల మీది పచ్చిక, నీడన ఎండబెట్టిన గడ్డి ఎల్లప్పుడు దాని ముందుండవలెను. తినునదానిలో అయిదింట నాలుగు పాళ్లు గడ్డియే కావలెను. కొత్తిమీర, పుదీన, ముల్లంగి ఆకు, క్యారెట్టు ఆకు దినమున కొక గుప్పెడు పెట్టవచ్చును. క్యారెట్టు దుంపను మాత్రము పండువలె ఎంచి, వారమునకు రెండు మూడు ముక్కలకు మించి పెట్టరాదు. బొమ్మలలోని కుందేలు ఎప్పుడును క్యారెట్టు పట్టుకొని కనబడుటవలన మన పిల్లలకు అదే దాని అన్నమను భ్రమ కలిగినది. వరిగడ్డి పడుకకు మంచిదే గాని, పోషణకు చాలదు. లూసర్న్ గడ్డి ఎదుగు పిల్లలకును, చూలు కుందేలునకును తగును. పెద్దవానికి దినదినము పెట్టినచో సున్నము ఎక్కువై మూత్రసంచిలో చేరును.

ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఆకు, టమాటా ఆకు, గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, వయ్యారిభామ దాని దరికి రానీయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, పురుగుమందు చల్లిన పత్తి, మిరప చేల గట్లపై కోసిన గడ్డి వేయరాదు. ఎద్దు తట్టుకొనగల మందు పాలు రెండు కిలోల ప్రాణికి విషమగును. నీరు కిలో బరువునకు దినమునకు సుమారు 100 మిల్లీలీటర్లు త్రాగును. వేసవిలో ఇంకను ఎక్కువ. బరువైన మట్టిపాత్రలో పోసినచో దొర్లించదు.

ఇనుప తీగల నేలగల పంజరములో నుంచినచో అరికాళ్లు పుండ్లు పడును. పైన గోనెపట్టాయో, పలకయో పరచవలెను. కోళ్ల గంప చీకటి పడినపిమ్మట రక్షణకు సరే గాని, పగలెల్ల అందు మూసియుంచుట చెరసాలయే. కుక్క రాని గది గాని, వరండా మూల గాని దానికి ఇయ్యవలెను. విద్యుత్తు తీగలు దానికి వేళ్లవలె కనబడును. వానిని ఎత్తుగా కట్టవలెను. స్నానము చేయింపరాదు.

వేసవి సంగతి వేరుగా చెప్పవలసియున్నది. కుందేలునకు మనవలె చెమట పట్టదు. లోపలి వేడి చెవుల గుండనే వెలుపలికి పోవును. నోరు తెరచి రొప్పుచున్నదన్నను, ముక్కు చుట్టు తడిసియున్నదన్నను, ప్రక్కకు వాలి లేవకున్నదన్నను వడదెబ్బ తగిలినదని తెలిసికొనవలెను. చెవులను చల్లని తడిగుడ్డతో తుడిచి, గాలి విసరుచు వైద్యునికడకు పోవలెను. చన్నీటి తొట్టిలో ముంచినచో ఆ అదటుకే చచ్చును. రాకముందే కాచుకొనుట మేలు. వట్టివేళ్ల తడికె, కిటికీకి తడి గోనెపట్టా, పండుకొనుటకు అడ్డముగా పెట్టిన పెద్ద మట్టికుండ, ఇవి మన యింట నున్నవే. మా అనుభవములో కుండయే మిక్కిలి మేలు చేసినది. వానకాలమున దాని వెనుకభాగము తడిగా, మలినముగా ఉన్నచో ఈగలు గ్రుడ్లు పెట్టి ఒక దినములోనే పురుగులు పట్టును. దినమునకు రెండుసార్లు చూడవలెను.

కొనకముందు చెప్పవలసినది

ఎండలు ముదిరినప్పుడు మా గ్రామములోని మరియొక యింటినుండి ఒక జత కుందేళ్లు మా యొద్దకు వచ్చినవి. రెండును ఆడవేయని అమ్మినవాడు చెప్పినాడట. పసికూనలలో ఆడ మగ గుర్తించుట అనుభవము గలవారికిని కష్టమే. మేము తెచ్చిన తొమ్మిదవ దినమున వానిలో నొకటి తన రొమ్ము రోమములు పెరికి పరచి ఆరు పిల్లలను పెట్టినది. చూలు 31 దినములు. ఈనిన మరునాడే మరల చూలు కట్టగలదు. మగదానిని వెంటనే వేరుచేయకున్నచో ఆరేసి పిల్లల చొప్పున మూడు కాన్పులకు 18 కూనలు. ఆ కూనలలో ముందువి నాలుగైదు నెలలకే తామును కనుటకు సిద్ధమగును. విడిచిపెట్టిన కుందేళ్లలో ఎన్నో ఇట్లు ఇల్లు పట్టక విడిచినవే.

దీనికి మందు శస్త్రచికిత్స యొక్కటే. గన్నవరము, తిరుపతి, రాజేంద్రనగరము మొదలగు చోట్ల పశువైద్య కళాశాలలకు అనుబంధముగా వైద్యశాలలు కలవు. కుందేళ్ల శస్త్రచికిత్స తెలిసినవారెవరో మొదట అచ్చట విచారింపవచ్చును. శస్త్రచికిత్సకు ముందు కుక్కను పస్తుంచుదురు, కుందేలును పస్తుంచరాదు. మగదానికి శస్త్రచికిత్స యైన పిదపను కొన్ని వారములు సంతానము కలిగించు శక్తి మిగిలియుండును గనుక అంతవరకు వేరుగానే యుంచవలెను. ఆడదానికి చేయించుటవలన వేరొక మేలు కలదు: మూడు నాలుగేండ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సరు చాల ఎక్కువగా కలుగును, శస్త్రచికిత్స దానిని రానీయదు.

ఇట్టి పని ఇతర దేశములలో సంఘములు చేయుచున్నవి. అమెరికాలో ఈస్టరు పండుగకు పిల్లలకు కుందేలు కూనలను బహుమానముగా కొనియిచ్చుటయు, కొన్ని నెలలకు వానిని వదలించుకొనుటయు వాడుక. అచ్చట కాలిఫోర్నియా రాష్ట్రమున 1988లో హౌస్ రాబిట్ సొసైటీ అను సంఘము ఏర్పడి, విడిచిన కుందేళ్లను చేరదీసి, శస్త్రచికిత్స చేయించి, తగిన యిండ్లకు ఇచ్చుటయు, పెంచువారికి బోధించుటయు ఆరంభించినది. 2019 నుండి ఆ రాష్ట్రపు దుకాణములలో కుక్కలు, పిల్లులతోపాటు కుందేళ్లను కూడ పెంపకందారుల నుండి తెచ్చి అమ్మరాదు; రక్షణాలయముల నుండి వచ్చినవానినే ఇయ్యవలెను. మన దేశమున 2018 నాటి నియమముల ప్రకారము పెంపుడు జంతువుల దుకాణములు రాష్ట్ర జంతు సంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. హైదరాబాదులో 1992లో ఏర్పడిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు నగరములలో నున్నవి. వారపు సంతలో బుట్ట పెట్టుకొని కూర్చున్నవానిదాక ఈ నియమములు రావు. పల్లెలో చేరదీయవలసినవారము మనమే.

చెప్పుట సులభము కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని మన సామెత. "మా కుందేలు అన్నము తినుచునే రెండేండ్లు బ్రతికినది" అని గర్వముగా చెప్పువారు మాకు కనబడిరి. సరిగా పెంచిన కుందేలు 8 మొదలు 12 ఏండ్లు బ్రతుకునని చెప్పగా వారు నమ్మలేదు. వాదించిన లాభము లేదు. మేము వారి యింటికి పోయి, ఒక మోపు గరిక ఆ కుందేలు ముందు వేసి, అది తినుచున్నంతసేపు అచ్చటనే కూర్చుంటిమి. అన్నపు గిన్నె వైపు అది మరల చూడలేదు. ఆ యింటివారు దానిని చూచిరి, మేమేమియు అనలేదు.

కొనదలచినవారిని మాత్రము మూడు ప్రశ్నలు అడుగుచున్నాము. ఇప్పుడు అయిదవ తరగతి చదువు మీ బిడ్డ కళాశాలకు పోవునప్పటికిని ఈ కుందేలు ఉండును. అప్పుడు దీనిని చూచువారెవరు? మీరు ఊరికి పోయిననాడు గడ్డి వేయువారెవరు? దీనికి జబ్బు చేసినచో చూచు వైద్యుడు ఎంత దూరమున నున్నాడు? ఈ మూటికి జవాబు చెప్పగలిగినవారు అమ్మకపువానియొద్దకు పోనక్కరలేదు. విడిచినవి మా యొద్దనే కలవు. చెప్పలేనివారిలో కొందరు నవ్వి వెళ్లిపోయిరి. ఒకరిద్దరు కోపగించిరి. జవాబు లేనివారు కొనకపోవుటయే మేమాశించునది గనుక మాకు దానివలన నష్టము లేదు.

ఆ ఆరు కూనలలో ఒకటి నీరసించి మూడవనాడే పోయినది. అయిదు దక్కినవి. ఎనిమిది వారములు తల్లియొద్ద నుంచి, తరువాత బడి పంతులుగారి యింటికి రెండిచ్చితిమి. పొరుగూరి మందుల దుకాణమువారు రెండు కొనిపోయిరి. వెల యడుగలేదు, శస్త్రచికిత్స చేయింతుమని మాట మాత్రము తీసికొంటిమి. మిగిలిన యొక్కదానికై ఎవరును రాలేదు. శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము మామిడితోపులో కుందేలును విడిచిన తాతగారు కఱ్ఱ పట్టుకొని మా గుమ్మమునకు వచ్చిరి. తోపులో విడిచినది ఏమైనదో ఆయనకు అప్పటికి తెలిసియుండెను. చాలసేపు పిల్లను చూచి, "దీనికి ఎంత గడ్డి కావలెను?" అని అడిగిరి. చెప్పితిమి. ఇప్పుడు ఆయన ప్రతి ఉదయము కొడవలితో కాలువ గట్టునకు పోయి గరిక కోసికొని వచ్చుచున్నారు. వరండా మూల కుండను కడిగి, పెంటికలను చీపురుతో ఒకచోటికి చేర్చి చూతురు. తగ్గినట్లు తోచిననాడు మనుమని మా యింటికి పరుగెత్తింతురు. రెండుసార్లు అట్లు కబురు వచ్చినది. ఒకసారి ఏమియు లేదు, మరియొకసారి వైద్యునికడకు కొనిపోయితిమి.